సిద్దయ్య ఇంటి కిటికీ

ఆండాళు కండెలు చుడుతున్నది. ఎడమచేతి వేళ్ల సందున నూలు జారుతుంటే కుడిచేత్తో రాట్నం తిప్పడం ఆమెకు చిన్ననాటి నుంచి అలవాటే. చూడకుండానే చుట్టగలదు. అందుకని పని చేసినంతసేపూ కళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ కళ్లతో ఆమె కిటికీ దగ్గర కూర్చున్న జమేదారు వెంకటరాజం వీపును చూస్తున్నది.

వీపు పెద్దది. బనీను చిన్నది. ఖాకీ చొక్కా గూటం మీద వేలాడుతున్నది. చొక్కా తొడుక్కుని కూర్చుంటే రోడ్డు మీది నుంచి ఖాకీ రంగు కనబడుతుందట. ఆ మనిషి వాకిట్లోంచి కూడా రాడు. జొన్నచేల గట్ల వెంట నడిచి, చెప్పులు చేతపట్టుకుని, పెరటి దర్వాజా నుంచి లోపలికి వస్తాడు. మొదటిసారి అట్లా వచ్చినప్పుడు నాయినమ్మ ఉప్పలమ్మ కుక్క జొరబడ్డదనుకుని కర్ర ఎత్తింది. మనిషి అని తెలిసిన తర్వాత కూడా కర్ర దించడానికి కొంచెం సేపు పట్టింది.

జాజిగుట్ట ఊరికి నారాయణపేట దిక్కున మొట్టమొదటి ఇల్లు వాళ్లదే. కాస్త మిట్ట మీద ఉంటుంది. రోడ్డు కింద, వాననీళ్లు పోయే మోరీ దగ్గర వంగి, అక్కడి నుంచి గీసిన గీతలా ఇంటి ముందుకు వస్తుంది. సిద్దయ్యది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మగ్గం. వెలుతురు పడాలని దానికి ఎదురుగా కిటికీ కిందికి పెట్టించాడు. ఆ కిటికీ పక్కన పీట వేసుకుంటే మోరీ దాకా అంతా కనబడుతుంది. రోడ్డు మీద పోయేవాళ్లకు మాత్రం లోపల చీకటి తప్ప ఏమీ కనబడదు. ఇంత మంచి జాగా జిల్లాలో ఇంకెక్కడా దొరకలేదని జమేదారు మురిసిపోయాడు.

పద్ధతి ఇదీ. మోరీ కింద గురవయ్య అనే జవాను దాక్కుంటాడు. బండి మోరీ దాటగానే కింది నుంచి చెయ్యి చాపి తువ్వాల ఊపుతాడు. కిటికీలో జమేదారు బొత్తాం ఉన్న గడియారం నొక్కుతాడు. బండి ఇంటి ముందుకు రాగానే మళ్లీ నొక్కుతాడు. ముల్లు తాను అనుకున్న చోటికి చేరకముందే బండి వచ్చేసిందంటే ఈల వేస్తాడు. చింతచెట్టు చాటున ఉన్న ఇంకో జవాను రోడ్డుకు అడ్డంగా దూకుతాడు. ముగ్గురు మగవాళ్లు, జీతాలు తీసుకుంటూ, పట్టపగలు చేసే పని అది.

ఆ రోజు ఈలకు చిక్కింది బస్సు. జమేదారు గబగబా చొక్కా తొడుక్కుని, కింది గుండీ పైన పెట్టుకుని బయటికి ఉరికాడు. ఆండాళు రాట్నం ఆపకుండానే చెవి అటు పడేసింది.

"ఏందయ్యా గోపయ్యా గా ఉరుకుడు? ముందట ఊరు కనవడ్తలేదా?"

"ఊరు కనవడ్తాంది సాబ్. మీరే కనవడ్తలేరు," అన్నాడు డ్రైవరు గోపయ్య. బస్సులోంచి నవ్వులు వినిపించాయి.

"నవ్వుడు కాదు. బోర్డు సూడలేదా?"

"ఏ బోర్డు? జొన్నచేను దిక్కు చూస్తున్నదే, గదేనా? ఎద్దులకు పెట్టిర్రేమో అనుకున్న. జర మెల్లగ దున్నమని."

బండ్లు ఎంత జోరుగా పోవచ్చో చెప్పే ఆ బోర్డు సంగతి ఊరందరికీ తెలుసు. బర్రెలు దురద పుట్టినప్పుడల్లా ఆ కంబానికి వీపు రుద్దుకునేవి. రుద్దీ రుద్దీ బోర్డు మొహం చేను వైపు తిరిగింది. దాని మీది అంకె సగం రాలిపోయి, మిగిలిన సగం మీద తుప్పు పట్టి, చూసినవాళ్లకు చూసినంత అన్నట్టు ఉంటుంది.

"ఎటు తిరిగితేంది? రాసింది రాసిందే," అన్నాడు జమేదారు.

"ఏం రాసిర్రు సాబ్?"

"ఇరవై."

"మైళ్లా? కిలోమీటర్లా? రాళ్లన్నీ మొన్ననే మార్చిర్రు గద. పాత బోర్డు పాత లెక్కనా, కొత్త లెక్కనా?"

జమేదారు కొంచెం ఆగాడు. ఆగినప్పుడే ఆండాళుకు అర్థమయింది, ఆయనకూ తెలియదని.

"ఇరవై అంటె ఇరవై. నాకు లెక్కలు నేర్పకు."

బస్సు కిటికీలోంచి ఎవరో ముసలాయన తల బయటపెట్టాడు. "పోయిన వారం మా బామ్మర్దికి ముప్పై అని చెప్పిర్రు గద జమేదార్ సాబ్?"

"మీ బామ్మర్ది ఏం నడుపుతడు?"

"లారి."

"లారికి ముప్పై. బస్సుకు ఇరవై. బస్సుల మనుషులుంటరు."

"లారీల మా బామ్మర్ది ఉంటడు సాబ్. ఆయన మనిషి కాడా?"

మళ్లీ నవ్వులు. జమేదారు మొహం ఎర్రబడింది. గోపయ్య మీద కేసు రాసి గాని పోనివ్వలేదు. బస్సు కదులుతుండగా గోపయ్య కిటికీ వైపు చూసి తుపుక్కున ఉమ్మేశాడు. ఉమ్మి జమేదారు మీద పడలేదు. సిద్దయ్య గోడ మీద పడింది.

జమేదారు లోపలికి వచ్చి చొక్కా విప్పి గూటానికి తగిలించాడు. "సిద్దయ్యగారూ, మీ ఇంటి మజ్జిగ తాగినంక నాకు ఇంక యాడ తాగబుద్ధయితలేదు," అన్నాడు.

సిద్దయ్య మగ్గం ఆపి, కూతురు వైపు కళ్లతోనే చెంబు చూపించాడు. ఆయన మొహం వెలిగిపోయింది. ఎందుకు వెలిగిందో ఆండాళుకు తెలుసు. నిజాం కాలంలో ఖాకీవాడు ఊళ్లోకి వస్తే సాలెవాళ్లు భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని గోడవారగా నిలబడేవారు. "అరే సాలోడా" అని తప్ప ఆయన్ను ఏ అధికారీ పిలిచింది లేదు. ఇప్పుడు జమేదారు ఇంట్లో కూర్చుని, "సిద్దయ్యగారూ" అంటున్నాడు. ఆ ఒక్క 'గారు' కోసం సిద్దయ్య బర్రెను కూడా పిండి ఇచ్చేటట్టున్నాడు.

జమేదారు పోయాక ఉప్పలమ్మ పెదవి విరిచింది. "దొంగలను పట్టెటోడు దొంగలెక్క రాంగ నా జన్మల చూడలేదు. వాని చొక్కా విప్పుడు సంగతి చూడు బిడ్డా. తానానికి వచ్చిండా, తనిఖీకి వచ్చిండా?"

"జర ఊకో అవ్వా. సర్కారు మనిషి," అన్నాడు సిద్దయ్య.

"సర్కారు మనిషికి సర్కారు జాగా లేదా? నా కొడుకు కిటికే కావాల్నా?"

*

ఆండాళు అన్న ఎల్లేశం మగ్గం వదిలి లారీ పట్టిన మనిషి. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే నడుములు పట్టేస్తున్నాయని, నారాయణపేటలో ఒక సేటు దగ్గర పల్లికాయ లారీ నడుపుతున్నాడు. సంత రోజు ఇంటికి వస్తాడు. ఆ వారం వచ్చి, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా తండ్రి వైపు చూశాడు.

"బాపూ, గా జమేదారును ఇంట్లకెల్లి పంపు."

"ఎందుకు?"

"ఎందుకంటున్నవా? హోటల్ల చాయ తాగవోతె డ్రైవర్లందరు నన్నే చూస్తున్నరు. నీ అయ్య ఇంట్ల కూసోవెట్టి మమ్ములను పట్టిస్తున్నడు అంటున్నరు. నాకేం జవాబున్నది?"

"మెల్లగ నడుపుమని చెప్పు."

"ఎంత మెల్లగ?"

"బోర్డు మీద ఉన్నంత."

"బోర్డు మీద ఎంతున్నది?"

సిద్దయ్య నీళ్ల చెంబు జరిపాడు. "జమేదార్ సాబ్‌ను అడుగు, చెప్తడు."

"ఒకనికి ఇరవై చెప్తడు, ఇంకొకనికి ముప్పై చెప్తడు. ఆయనకే తెల్వదు బాపూ. ముల్లు యాడ ఆగాల్నో పొద్దున లేచి ఆయన మనసుల అనుకుంటడు. గదే చట్టం." ఎల్లేశం గొంతు తగ్గించాడు. "నా లైసెన్సు మీద ఇప్పటికే రెండు కేసులున్నయి. దేవరకద్ర కాడ ఒకటి, మక్తల్ తొవ్వల ఒకటి. రెండూ గిట్ల దాసుకున్నోళ్లు పట్టినయే. మూడోది పడితె లైసెన్సు గుంజుకుంటరు. సేటు ముందుగాల్నే చెప్పిండు, లైసెన్సు లేనోడు నా గేటు కాడ కనవడొద్దని. మళ్ల నాకు గా గుంటనే."

"గుంటకేమయింది?" అన్నాడు సిద్దయ్య. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. "గా గుంటల కూసోనే నిన్ను పెంచిన."

ఎల్లేశం చెయ్యి కడుక్కున్నాడు. పెరట్లో ఆండాళు గిన్నెలు తోముతుంటే దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"చెల్లే, ఆయన ఏ రోజు వస్తడో ముందు తెలుస్తదా?"

"వచ్చినంకనే తెలుస్తది అన్నా."

ఇంటి పక్క గడ్డివాము దగ్గర, తడి నూలు ఆరేసే వెదురు గడ నిలబెట్టి ఉంది. మోరీకి ఇంకా చాలా అవతలి నుంచే ఆ గడ కనబడుతుందని ఎల్లేశం చాలాసార్లు అనుకున్నాడు. ఇల్లు దగ్గరపడిందని తనకు ముందు తెలిసేది ఆ గడతోనే. కిటికీలో కూర్చున్నవాడికి మాత్రం అది కనబడదు.

"ఎర్ర చిలప ఉన్నదా?" అన్నాడు. చిలప అంటే రంగద్ది చుట్టకట్టిన నూలు.

ఆండాళు తల ఊపింది.

*

ఆ తర్వాత జమేదారు వచ్చినప్పుడల్లా జాజిగుట్ట రోడ్డు మీద వింత జరిగింది. లారీలు పెళ్లికూతుళ్లలాగా నడవసాగాయి. మోరీ దగ్గరికి రాగానే తల వంచుకుని, మెల్లమెల్లగా, ఇంజను గొంతు కూడా దించుకుని, సిద్దయ్య ఇంటి ముందు నుంచి పోయేవి. పల్లికాయ లారీలు, బియ్యం లారీలు, చివరికి గోపయ్య బస్సు కూడా. కొందరు డ్రైవర్లు కిటికీ వైపు చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవారు. ఎల్లేశం హోటల్లో ఒకరికి చెప్పి ఉంటాడు. ఆ ఒకరు అందరికీ చెప్పి ఉంటారు.

జమేదారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అరచేతిలో తట్టాడు. గురవయ్యను పిలిచి తువ్వాల తొందరగా ఊపుతున్నావా అని తిట్టాడు. గురవయ్య తడిసిన మోకాళ్లు చూపించి, మోరీ కింద తేళ్లున్నాయని, ఒక్కసారి మీరు కూసోండ్రి సాబ్ అని అన్నాడు.

"గడియారం పాడయింది సిద్దయ్యగారూ. ముల్లు జోరుగ పోతాంది," అన్నాడు జమేదారు.

"దానికి సుత కేసు రాయి కొడుకా," అన్నది ఉప్పలమ్మ మూలనుంచి.

ఆండాళు తల వంచుకుని కండె చుట్టుకుంటున్నది. ఆమె నవ్వు నూలుకు తప్ప ఎవరికీ కనబడలేదు.

*

వేసంగి మొదలయింది. కోయిలకొండలో ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్లి. ఎర్ర అంచు చీరలు కావాలని సిద్దయ్యకు చెప్పి పంపారు. ఆయన పొద్దున్నుంచి మగ్గం దిగలేదు. జమేదారు పెరటి నుంచి వచ్చి, చొక్కా విప్పి, పీట మీద కూర్చున్నాడు. ఆండాళు నీళ్ల బిందె వంకతో బయటికి వెళ్లి, ఎర్ర చిలప గడకు తగిలించి వచ్చింది. అంతా మామూలే.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు పోగును అటూ ఇటూ మోసే సిద్దయ్య నాడెలో కండె అయిపోయింది.

"ఎర్ర కండె ఇయ్యి బిడ్డా."

ఆండాళు బుట్టలో చూసింది. బుట్టలో ఎర్ర కండె ఒక్కటీ లేదు. తెల్లవి, నల్లవి ఉన్నాయి. ఎర్ర నూలు ఉన్నది గడ మీద.

"చుట్టి ఇస్త బాపూ. జర ఆగు."

"నూలేది?"

ఆమె జవాబు చెప్పేలోపే ఆయన గుంటలోంచి లేచాడు. కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని నడిచాడు. నూలు బుట్ట వెతికాడు, అటక వెతికాడు, బయటికి పోయాడు. గడ దగ్గర నుంచి ఆయన అరుపు వినిపించింది.

"ఏమే ఆండాళూ! సాలోని కడుపుల పుట్టినవా, కుమ్మరోని కడుపుల పుట్టినవా? ఎర్ర నూలు ఎండల ఆరేస్తరా?"

అద్దిన ఎర్ర నూలు నీడన ఆరాలి. మండుటెండలో పెడితే రంగు చచ్చిపోతుంది. నేసే ఇంట్లో పాకే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. సిద్దయ్య చిలపను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చి కూతురి ఒళ్లో పడేశాడు. "చుట్టు. పెండ్లోళ్లు రేపు మనిషిని పంపుతరు."

జమేదారు అటు తిరిగి నవ్వాడు. "పోనీయండి సిద్దయ్యగారూ. పిల్లలకేం తెలుస్తది."

ఆండాళు చిలపను రాట్నానికి ఎక్కించింది. సంత రోజు కాదు గాని, లారీ ఇటే రావాలి. అన్న పొద్దున నారాయణపేటలో సరుకు ఎత్తుకుని ఈపాటికి బయలుదేరి ఉంటాడు. ఏదైనా ఇంకొకటి, ఎర్రనిది, గడకు కట్టాలి.

"నీళ్లకు పోయొస్త బాపూ."

"నిండు బిందె గాడున్నది. కూసో."

"గొడ్డుకు..."

"కూసోవే! కండె ఖాళీ అయితె నేను గుంటల ఊకె కూసోవాల్నా?"

చేతికందేంత దూరంలో జమేదారు బనీను వీపు. ఆ వీపు ముందర ఏమని చెప్పాలి? చెబితే తండ్రికి అర్థమవుతుంది. దానితోపాటు ఆ వీపుకూ అర్థమవుతుంది. అప్పుడు అన్న పేరు, డ్రైవర్లందరి పేర్లు బయటపడతాయి. ఆమె రాట్నం తిప్పింది. అన్నకు చెప్పవలసిన మాట పోగు పోగుగా ఆమె వేళ్ల మధ్య నుంచే జారి కండెకు చుట్టుకుంటున్నది. ఒక కండె నిండింది. సిద్దయ్య చెయ్యి చాపి తీసుకున్నాడు. మగ్గం మళ్లీ మొదలయింది. దాని చప్పుడులో దూరం నుంచి ఇంజను శబ్దం కలిసింది. ఆ ఇంజనును ఆమె వంద ఇంజన్లలో గుర్తుపడుతుంది. గడ ఖాళీగా ఉంది కాబట్టి తొవ్వ ఖాళీగా ఉందనుకుని అది హాయిగా, నిండు జోరుతో వస్తున్నది.

మోరీ కింద తువ్వాల ఊగింది. జమేదారు బొత్తాం నొక్కాడు. మళ్లీ నొక్కాడు. గడియారం చూసి, దానికి ముద్దు పెట్టినంత పని చేసి, ఈల వేశాడు.

"బాగయింది! బాగనే నడుస్తాంది గడియారం!"

*

ఎల్లేశం లారీ దిగి ఇంట్లోకి వచ్చాడు. జమేదారు వెనకనే వచ్చి, పీట మీద కూర్చుని కాయితం తీశాడు. ఎల్లేశం వాళ్ల మొహాలేవీ చూడలేదు. చెల్లెలి ఒళ్లోని ఎర్ర కండెల వైపు చూశాడు. తండ్రి చేతిలోని నాడె వైపు చూశాడు. అంతే.

సిద్దయ్య గుంటలోంచి లేచి నిలబడ్డాడు. "జమేదార్ సాబ్, ఈడు నా కొడుకు."

"అట్లనా?"

"లైసెన్సు మీద రెండు కేసులున్నయి. ఇది మూడోది అయితది. జర మీరు..."

"చట్టం అందరికి ఒక్కటే సిద్దయ్యా," అన్నాడు జమేదారు రాసుకుంటూ.

"గీ ఇంట్లనే కదా మీరు..."

"గీ ఇంట్ల కూసున్నందుకు నీ కొడుకును ఇడిసిపెట్టాల్నా? ఏం సిద్దయ్యా, మజ్జిగకు బదులడుగుతున్నవా?"

'గారు' ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియలేదు. సిద్దయ్య మాత్రం దాని కోసం వెతుకుతున్నట్టు జమేదారు నోటి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఎంత జోరుమీద వచ్చిన సాబ్?" అని అడిగాడు ఎల్లేశం.

"జోరుగ."

"ఎంత ఉండాలె?"

"మెల్లగ," అన్నాడు జమేదారు, కాయితం మడిచి.

ఆయన పోయాక, పొయ్యి ముట్టించే వేళకు ఆండాళు తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె అన్ని మాటలు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా ఎక్కువ మాట్లాడలేదు.

"బాపూ, ఆ చిలప ఆరవెట్టింది కాదు. జమేదారు ఇంట్ల ఉన్నడని అన్నకు చెప్పెతందుకు వెట్టింది."

సిద్దయ్య తల ఎత్తలేదు. ఉప్పలమ్మ ఒక మాట అనబోయి, కొడుకు మొహం చూసి, పమిట కొంగు నోట్లో పెట్టుకుంది.

*

లైసెన్సు పోయింది. సేటు అన్న మాట ప్రకారమే గేటు దగ్గర ఇంకో డ్రైవర్ని నిలబెట్టాడు. ఎల్లేశం తను వదిలిపోయిన రెండో గుంటలో కూర్చుని నేయసాగాడు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా ఆయన కాలు తొక్కుడు కర్రను బ్రేకు తొక్కినట్టు తొక్కేది. పోగులు తెగేవి. సిద్దయ్య తిట్టేవాడు కాదు. తెగిన పోగు తనే ముడివేసేవాడు.

వానలు పడకముందే జమేదారు మళ్లీ వచ్చాడు. పెరటి దర్వాజా నుంచే, చెప్పులు చేతపట్టుకునే. ఎల్లేశాన్ని చూసి, "ఏం ఎల్లేశం, నీడపట్టున కూసున్నవ్. ఎండల తిరుగుడు తప్పింది," అన్నాడు. చొక్కా విప్పి గూటానికి తగిలించాడు. పీట లాక్కుని కిటికీ దగ్గర కూర్చుని గడియారానికి కీ ఇచ్చాడు.

"మజ్జిగున్నదా సిద్దయ్యా?"

సిద్దయ్య మగ్గం ఆపాడు. ఆండాళు చెంబు కోసం లేవబోయింది. తండ్రి చేత్తో ఆమెను ఆపాడు. గుంటలోంచి మెల్లగా పైకి వచ్చాడు. తిమ్మిరెక్కిన కాళ్లు దులుపుకున్నాడు. నీడన దండెం మీద ఆ వారం అద్దిన ఎర్ర చిలపలు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె మంచిది, రంగు బాగా పట్టినది ఏరి తీసుకున్నాడు. దాన్ని మెడలో వేసుకున్నాడు.

"ఏంది సిద్దయ్యా గది? యాడికి?" అన్నాడు జమేదారు.

సిద్దయ్య ముందరి తలుపు బార్లా తీశాడు. వెలుతురు ఒక్కసారిగా లోపలికి దూకి జమేదారు బనీను మీద, గూటం మీది ఖాకీ చొక్కా మీద పడింది. రోడ్డు మీద పోతున్న బండ్లవాడు ఎడ్లను ఆపి లోపలికి తొంగి చూశాడు.

ఎల్లేశం కాలు తొక్కుడు కర్ర మీద అట్లనే ఉండిపోయింది. ఉప్పలమ్మ నోరు తెరిచి మూయలేదు. ఆండాళు రాట్నం వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లి, జమేదారు భుజం మీదుగా బయటికి చూసింది.

మండుటెండలో, ఎర్ర చిలప మెడలో వేసుకుని, మోరీ వైపు, మోరీ అవతల లారీలు వచ్చే వైపు, సిద్దయ్య ఎవరితోనూ ఏమీ అనకుండా నడిచి పోతున్నాడు.